మూఢం పట్టిన మొలబిళ్ళ

నేతపేటలో పసిపిల్లల మొలతాటికి వెండిబిళ్ళ కట్టడం తాతల నాటి మాట. ఆ వెండిబిళ్ళ పక్కన వెలిగే బిళ్ళ కట్టడం మాత్రం సువర్చల కూతురితోనే మొదలైంది. ఈ సంగతి ఆమె నోరు తెరిచి చెప్పుకోనక్కర్లేదు. చీరాల నుంచి వచ్చే ఆటోవాడు కూడా, "బిళ్ళపాప వాళ్ళింటికా? ఎక్కండి" అంటాడు. ఆరోగ్య కేంద్రం గోడ మీద నిలువెత్తు ఫొటో ఉంది. అందులో ఆమె కూతురు భావన బోర్లా పడుకుని, తల ఎత్తి, ఊరంతా తనదే అన్నట్టు చూస్తుంటుంది. నడుము దగ్గర గోరంత పచ్చవెలుగు. ఫొటో ముందు నుంచి నడిచినప్పుడల్లా సువర్చల పమిట సర్దుకుంటుంది. ఎందుకు సర్దుకుంటుందో ఆమెకే తెలియదు.

అసలు అది గొప్ప కోసం మొదలైంది కాదు, భయంతో మొదలైంది.

భావనకు నెలన్నర సూదులు వేయించిన రోజు సాయంత్రం పిల్ల ఒళ్ళు కాలిపోయింది. తొడ గట్టిపడింది. ఎత్తుకుంటే ఏడుపు, దింపితే ఏడుపు. సువర్చలకు తొలికాన్పు. తల్లి లేదు. తొమ్మిదో తరగతిలో ఉండగా నాన్నకు చూపు మందగిస్తే పుస్తకాలు అటక మీద పెట్టి కండెలు చుట్టడానికి కూర్చుంది. అప్పటి నుంచీ తెలియని ప్రతిదానికీ ముందు భయపడి, తరవాత అడగడం ఆమెకు అలవాటు. రెండున్నర నెలల సూదికి రమ్మని నర్సు జ్ఞానసుందరి కబురు పంపితే వెళ్ళలేదు. మళ్ళీ పంపితే తలుపు గడియ పెట్టుకుంది. చివరికి జ్ఞానసుందరే గొడుగు మడుచుకుంటూ ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుంది.

"ఏందమ్మా, నన్ను చూసి గడియ పెట్టుకుంటన్నావంట? నేనేమన్నా అప్పులోళ్ళ మనిషినా?"

"సిస్టరమ్మా, ఒక్క మాట అడుగుతా, కసరబాకండి. ఊళ్ళో పిల్లలందరికీ ఒకే రోజు లెక్కేంటి? ఒక్కో పిల్ల ఒళ్ళు ఒక్కోరకం గదా. ఊరందరికీ ఒకే కొలత రవికె కుడితే పడుద్దా?"

జ్ఞానసుందరి కసరలేదు. ఆ వయసులో ఏ రోగం మీద పడుతుందో చూసుకుని రోజు కట్టారని, జ్వరం రెండు రోజుల ముచ్చటని, కోరింతదగ్గు అలా కాదని ఓపిగ్గా చెప్పింది. సువర్చల తల ఊపింది గాని గడియ మీది చెయ్యి తీయలేదు. అప్పుడు నర్సు, "ఇదే మాట గుంటూరులో ఒకావిడ కూడా అంటంది. ఆమెను తీసుకొస్తా" అని లేచింది.

ఆ వచ్చినావిడ డాక్టర్ మెహరున్నీసా. సన్నగా, పొడుగ్గా, కళ్ళజోడు తల మీదికి తోసుకుని దాని కోసం వెతుక్కునే మనిషి. ఆమె ప్రయోగశాలలో చేసిన వస్తువు చింతగింజంత ఉంది. చర్మానికి ఆనుకుని ఉంటే చాలు, వేడి, చెమట, నాడి పట్టి ఒళ్ళు తీరిగ్గా ఉందో, లోపల ఏదో పనిలో ఉందో కనిపెడుతుంది. తీరిగ్గా ఉన్న రోజు సూది వేస్తే ఒళ్ళు కాలకుండా పాఠం నేర్చుకుంటుంది. ఆ రోజు పచ్చ వెలుగుతుంది, మిగతా రోజుల్లో ఎరుపు. చిక్కల్లా దాన్ని పిల్లలకు కట్టడం దగ్గరే వచ్చింది. చేతికి కడితే నోట్లో పెట్టుకుంటున్నారు, కాలికి కడితే తన్నేసుకుంటున్నారు.

"మొలతాటికి కట్టండి మేడం" అంది సువర్చల. "ఏడాది దాకా దాన్ని తీసే పనే ఉండదు."

డాక్టరమ్మ కళ్ళజోడు తల మీద నుంచి ముక్కు మీదికి దిగింది. "నాలుగేళ్ళుగా పట్టీ కోసం కొట్టుకుంటున్నానమ్మా నేను."

అలా భావన మొలతాటికి బిళ్ళ ఎక్కింది. అయిదో రోజున పచ్చ వెలిగింది. సువర్చల పిల్లనెత్తుకుని చెప్పుల్లేకుండా పరుగెత్తింది. సూది పడింది. ఆ సాయంత్రం ప్రతి పావుగంటకూ నుదురు తాకి చూసింది. పిల్ల పాలు తాగి, బొటనవేలు చీక్కుంటూ నిద్రపోయింది. ఒళ్ళు చల్లగా, కడిగిన కుండలా ఉంది.

ఆ తరవాత పేటలో గడియ పెట్టుకున్న తలుపు ఒక్కటీ మిగల్లేదు. సూదంటే పారిపోయే తల్లులు బిళ్ళ కోసం వరస కట్టారు. జ్ఞానసుందరి గొడుగు మూల పడింది.

*

సువర్చల అత్తగారు సీతారావమ్మ. సొంత మేనత్త కూడా. మనిషి మంచిదే గాని, గోడ క్యాలెండరు చూడకుండా కుండలో పప్పు పోయదు. మొదట్లో బిళ్ళను చూసి, "దీనికి తిథి తెలుసా, వారం తెలుసా, ఊరికే వెలుగుద్ది" అని మూతి తిప్పింది. మనవరాలి ఫొటో గోడకెక్కాక బిళ్ళంటే గౌరవం పుట్టింది. గౌరవం పుట్టింది కాబట్టి దానికి మర్యాద జరగాలంది.

"పచ్చ వెలగ్గానే సంత గొడ్డును తోలినట్టు తోలకూడదమ్మాయ్. వారం చూడాలి. వర్జ్యం చూడాలి. బిళ్ళ పచ్చా, రోజూ పచ్చా అయితే ఇంక పిల్లకు తిరుగేముంది?"

ఈ మాట పేటంతటికీ నచ్చింది. రెండు కాపలాలు ఒక కాపలా కంటే మేలే కదా. మంగళవారం పచ్చ వెలిగితే బుధవారం చూద్దామనుకున్నారు. అమావాస్యకు వెలిగితే పాడ్యమి పోనీ అనుకున్నారు. బిళ్ళ పచ్చగా ఉండేది ఒకటి రెండు రోజులే. అది పోతే మళ్ళీ వస్తుందిలే అని ఊరుకున్నారు. వచ్చేది కూడా. సువర్చల మూడున్నర నెలల సూది అలాగే ఒకసారి తప్పించి, రెండోసారి వేయించింది. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే అందరికీ ధైర్యం.

తరవాత మూఢం వచ్చింది. పెళ్ళిళ్ళు లేవు, గృహప్రవేశాలు లేవు. మూఢంలో పసిపిల్లకు సూది గుచ్చుతారా అని పేటకు పేటే ఊరుకుంది. మొదటి రెండు వారాలూ అక్కడొకటి ఇక్కడొకటి పచ్చలు వెలిగి ఆరిపోయాయి. ఆ తరవాత వెలగడం మానేశాయి.

భావనకు తొమ్మిదో నెల నిండింది. తట్టు సూది పడాల్సిన నెల. బిళ్ళ ఎరుపు. స్నానం చేయించి సాంబ్రాణి పొగ మీద పట్టినప్పుడు పొగలోంచి ఎర్రచుక్క కనపడేది. రోజులు దాటుతున్నాయి, ఎరుపు మారలేదు. పక్కింటి కల్పలత కొడుకుదీ ఎరుపే. వీధి వీధంతా ఎరుపే.

"మూఢం గదా" అంది సీతారావమ్మ. "బిళ్ళకూ తెలిసింది. చూశావా, ఆఖరికి దారికొచ్చింది."

సువర్చల నవ్వింది. నవ్వాక పిల్ల నడుము దగ్గర ఎర్రచుక్కను వేలితో రుద్ది చూసింది.

*

కబురు కుంకుడుపాలెం నుంచి వచ్చింది. అక్కడ తట్టు పుట్టింది. సీతారావమ్మ కూతురు నాగమల్లిని ఇచ్చింది ఆ ఊరే. నాగమల్లి కొడుకు యశ్వంతుకు పది నెలలు నిండాయి. వాడికీ మొలబిళ్ళ ఉంది, అమ్మమ్మ పట్టుబట్టి కట్టించింది.

సువర్చలా, అత్తా వాణ్ణి చూడటానికి ఒంగోలు ఆసుపత్రికి వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. భావనను తండ్రి మార్కండేయులు దగ్గర వదిలి వచ్చారు. అద్దం తలుపు అవతల యశ్వంతు ముక్కుకు గొట్టం. ఒళ్ళంతా ఎర్రగా పేలింది. చెవిలోంచి చీము కారుతుంటే నర్సు దూదితో తుడుస్తోంది. ఊపిరి తీసినప్పుడల్లా వాడి డొక్కలు లోపలికి పోతున్నాయి. నడుముకు మొలతాడు ఉంది, బిళ్ళ ఉంది. బిళ్ళ ఎర్రగా వెలుగుతూనే ఉంది.

నాగమల్లి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. తల్లిని చూసి లేవలేదు.

"పచ్చ వచ్చిందమ్మా" అంది, ఎవరికో చెబుతున్నట్టు. "పోయిన నెల్లో. నీకు ఫోన్ చేశా గదా. మంగళవారమే, ఆగవే అన్నావు. ఆగా. మళ్ళీ రాలా."

సీతారావమ్మ తెచ్చిన ఇడ్లీల డబ్బా సంచీలోంచి తీసి కూతురు పక్కన పెట్టింది. కాసేపటికి మళ్ళీ తీసి మూత బిగించి పెట్టింది.

*

మర్నాడు డాక్టర్ మెహరున్నీసా వాళ్ళింటికే వచ్చింది. నిద్ర లేని మొహం. కళ్ళజోడు ఈసారి ముక్కు మీదే ఉంది.

"ఇన్ని వందల మంది పిల్లలకు ఒకేసారి ఎరుపు రావడం జరగని పని" అంది. "ఒళ్ళు ఎవరిది వాళ్ళది. ఊరంతా ఒకేసారి నలతగా ఎలా ఉంటుంది? బిళ్ళలు విప్పి చూశాం, బాగానే ఉన్నాయి. ఇంకోటి కూడా చూశాం. పచ్చ వెలిగాక కూడా చాలామంది రాలేదు. నేను కష్టపెట్టడానికి అడగట్లేదమ్మా. ఎందుకు రాలేదు?"

సువర్చల అత్త వైపు చూసింది. సీతారావమ్మ తల వంచుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తకుండానే చెప్పింది.

"మంగళవారం పసిపిల్లకు సూదేందమ్మా అని. అమావాస్య అని. మూఢం అని. పేటంతా అదే మాట. చెప్పింది నేనే, మొదట."

డాక్టరమ్మ చటుక్కున అరుగు మీద కూలబడింది. పెదవులు కదిపి ఏదో లెక్క వేసుకుంది. నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఆ బిళ్ళ వెనకాల ఒక యంత్రం ఉంది" అంది మెల్లగా. "అది తన తప్పుల్లోంచి నేర్చుకుంటుంది. పచ్చ వెలిగినా తల్లి బిడ్డను తీసుకురాలేదంటే, బిళ్ళకు తెలియని నలత ఏదో ఆ తల్లి కనిపెట్టి ఉంటుంది, తల్లి కంటే నా బిళ్ళకేం తెలుసు అనుకుని నేనే దానికి చెప్పాను. తల్లి రాకపోతే నీ పచ్చ తప్పు, దిద్దుకో అని. అది దిద్దుకుంది. మంగళవారాలు వదిలేసింది. అమావాస్యలు వదిలేసింది. మూఢం మొదలై రెండు వారాలు ఎవరూ రాకపోయేసరికి మొత్తానికి పచ్చే మానేసింది."

మగ్గం గుంటలోంచి మార్కండేయులు తల ఎత్తాడు. "అంటే మా అమ్మ చెప్పింది మిషను విన్నదా? మా నాన్న ముప్ఫై ఏళ్ళు ఇనలా."

సీతారావమ్మ చాటలోంచి చేతులు తీసింది.

"మరి మా పిల్ల ఎరుపు?" అని అడిగింది సువర్చల. "అది పిల్ల ఒంటిదా, మూఢందా?"

"తెలియదమ్మా. తెలుసుకోవాలంటే నెలా రెండు నెలలు పడుతుంది. తట్టు అన్నాళ్ళు ఆగదు. అది గాలిలో వచ్చే జబ్బు. కుంకుడుపాలెం నుంచి మీ పేటకు రోజూ నూలు ఆటో వస్తోంది." డాక్టరమ్మ భావన వైపు చూసింది. పిల్ల చిగుళ్ళు దురదపెట్టి, చొంగ కారుస్తూ, ఆవిడ చెప్పు పట్టి కొరుకుతోంది. "ఇంకో తప్పు కూడా మాదే. ఎరుపంటే ప్రమాదం కాదు. సూది వేస్తే జ్వరం రావచ్చు అని, అంతే. ఆ రంగు పెట్టకుండా ఉండాల్సింది. జ్వరం రాని రోజు ఏదని అడిగాను గాని, ఆ రోజు కోసం కూర్చుంటే ఈలోగా ఏమొస్తుందని అడగలేదు నేను."

*

సోమవారం చేనేత సొసైటీ హాల్లో తల్లులందర్నీ పోగేశారు. డాక్టరమ్మ అన్నీ చెప్పింది, దాచకుండా. బిళ్ళను పక్కన పెట్టి పాత పట్టిక ప్రకారం రేపే సూదులు వేయించమంది.

కల్పలత లేచింది. చంకలో కొడుకు, వాడి నడుము దగ్గర ఎర్రచుక్క. "ఎర్ర లైటు చూసి రైలే ఆగుద్ది మేడం. మేం ఆగితే తప్పా? నిన్నటి దాకా దీన్ని నమ్మమంది మీరే. ఇయ్యాల దీన్ని చూడొద్దనేదీ మీరే. రేప్పొద్దున ఇంకేం చెబుతారో."

"అంత దాకా ఎందుకు" అంది వెనక నుంచి ఒకావిడ. "ముందు బిళ్ళపాపకు వేయించమనండి. ఆ ఫొటో ఉంది గదా గోడ మీద. ఆనక చూద్దాం."

తలలన్నీ సువర్చల వైపు తిరిగాయి. ఇన్నాళ్ళూ ఆ చూపుల కోసం పమిట సర్దుకున్న మనిషి. ఇవాళ ఆ చూపులు సూదుల్లా దిగాయి. భావన ఒళ్ళు కాస్త వెచ్చగానే ఉంది. పళ్ళొచ్చే వెచ్చదనమా, వేరేదా? పిల్లను ఎత్తుకుని ఇంటికొచ్చేసింది.

"ఏం చేద్దాం బావా?"

మార్కండేయులు పోగుల మధ్య నాడె విసరడం ఆపాడు. "నువ్వెట్టా అంటే అట్టా."

"పెళ్ళిచూపుల కాణ్ణుంచీ ఇదే మాట నీది. ఒక్కసారన్నా ఇట్టా అని చెప్పవయ్యా."

అతను పడుగులో తెగిన పోగు ముడేశాడు. "నెలన్నరప్పుడు జ్వరమొస్తే నువ్వే ఎత్తుకుని తిరిగావు. నాకు భయమేసి మగ్గం దగ్గరే కూర్చున్నా. ఈసారి వస్తే నేనూ ఎత్తుకుంటా. అంతే నాకు తెలిసింది."

అది సలహా కాదు. అయినా సువర్చలకు కాళ్ళ కింద నేల కాస్త గట్టిపడ్డట్టయింది. యశ్వంతు డొక్కలు గుర్తొచ్చాయి. చీము తుడుస్తున్న దూది గుర్తొచ్చింది. నెలన్నరప్పటి జ్వరం కూడా గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ కొండలా కనపడిన ఆ జ్వరం ఆసుపత్రి అద్దం పక్కన పెట్టి చూస్తే గులకరాయంత అయింది. భయం తగ్గిందని కాదు. ఏ భయం ఎంతదో తెలిసింది.

పొద్దున్నే పిల్లకు నీళ్ళు పోసి బయటికొచ్చేసరికి సీతారావమ్మ గడపలో నిలబడి ఉంది. ఉతికిన చీర. చేతిలో మనవరాలి టోపీ.

"అత్తా, ఇయ్యాల మంగళవారం."

"తెలుసు. క్యాలెండరు నా నెత్తి మీదే ఏలాడతంది. పద."

ఆరోగ్య కేంద్రం ముందు వీధి వీధంతా ఉంది. ఎవరూ వరసలో లేరు, చెట్టు కిందా గోడ పక్కనా నిలబడి చూస్తున్నారు. సువర్చల ఫొటో ముందు ఆగింది. పిల్ల మొలతాటి ముడి విప్పి, ఎర్రగా వెలుగుతున్న బిళ్ళను తీసి జ్ఞానసుందరి చేతిలో పెట్టింది.

"తీయాల్సిన పని లేదమ్మా" అంది నర్సు.

"నా కోసం సిస్టరమ్మా. అది కళ్ళ ముందుంటే మళ్ళీ వెనక్కి తిరిగిపోతా."

వెండిబిళ్ళ ఒక్కటే ఉంచి ముడి వేసింది. సూది పడింది. భావన గుక్కపెట్టి ఏడ్చి, డాక్టరమ్మ కళ్ళజోడు లాక్కుని, ఏడుపు ఆపింది. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. కల్పలత కొడుకును ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. ముందుకు మాత్రం రాలేదు. ఆ రోజు సువర్చల తరవాత వేయించుకున్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే.

*

తట్టు సూది జ్వరం ఆ రోజే రాదని, వారం తిరిగాక రావచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది. సువర్చల ఆ మాట వీధిలో అందరికీ చెప్పింది, రాకముందే. వారం దాకా ఏమీ లేదు. "చూశావా, ఏం కాలా" అన్నారు కొందరు. ఆ తరవాత ఒక ఉదయం భావన పాలు వద్దని మొహం తిప్పుకుంది. ఒళ్ళు కాలుతోంది. పొట్ట మీద చెమటకాయల్లా సన్నగా ఎర్రని పేత.

జబ్బుపడ్డ పసిపిల్లను బయటికి తేకూడదు. దిష్టి, గాలి, పది కళ్ళు. ఆ పేటలో ఆ పని ఎవరూ చేయరు. గదిలో పడుకోబెట్టి తలుపు జారేయడమే పద్ధతి. సువర్చల తలుపు దాకా వెళ్ళి గడియ మీద చెయ్యి వేసింది. ఈ తలుపు మూస్తే లోపల ఏం జరుగుతోందో వీధే కథలు అల్లుకుంటుంది. సాయంత్రానికి ఆ కథ పేట చివరికి చేరుతుంది. ఇంక ఒక్క తల్లి కూడా రాదు.

ఆమె చాప తెచ్చి అరుగు మీద పరిచింది. పిల్లను ఒళ్ళో పెట్టుకుని వీధికి ఎదురుగా కూర్చుంది.

కల్పలతే మొదట చూసింది. "ఏందే, ఒళ్ళెట్టా ఉంది?"

"జ్వరం. తాకి చూడు."

"వద్దులే..."

"తాకవే. బిళ్ళ లేదు గదా ఇయ్యాల. చేతులే."

కల్పలత వంగి, అరచెయ్యి భావన నుదుటి మీద పెట్టింది. తీసి తన చెంపకు ఆనించుకుంది. "కాలతంది."

"కాలుద్ది. రెండు రోజులు. లోపల నేర్చుకుంటంది. సాయంత్రం మళ్ళొచ్చి చూడు."

మాట గట్టిగానే వచ్చింది. పమిట కింద చేతివేళ్ళు మాత్రం ఒకదాన్ని ఒకటి నలుపుకుంటున్నాయి. జ్ఞానసుందరి వచ్చి మందు చుక్కలు పోసి, పేత చూసి, ఇది అనుకున్నదేనని చెప్పి వెళ్ళింది. మార్కండేయులు మగ్గం దిగి, చెప్పినట్టే, కూతుర్ని భుజాన వేసుకుని అరుగు ఈ చివర్నుంచి ఆ చివరికి తిరిగాడు. పేటలో మగవాడు పట్టపగలు మగ్గం దిగి పిల్లనెత్తుకుని తిరగడం ఎవరూ చూసి ఎరగరు. అది చూడటానికి కూడా జనం వచ్చారు. వచ్చినవాళ్ళందరితో సువర్చల ఒకటే మాట. తాకి చూడండి.

దిష్టి అని ఎవరో గొణిగితే సీతారావమ్మ గుమ్మంలోంచి అంది, "నా మనవరాలికి తగిలే దిష్టి ఇంకా పుట్టలా. తాకి పోండి."

సాయంత్రం ఇంకాస్త కాలింది. మర్నాడు పొద్దున అలాగే ఉంది. మధ్యాహ్నం ఎండ అరుగు దిగుతుండగా భావన నుదుట చెమట పట్టింది. మొదట కనిపెట్టింది సువర్చల కాదు, కల్పలత. అరచెయ్యి పెట్టి, మళ్ళీ పెట్టి, "దిగింది" అంది. పక్కావిడ పెట్టి చూసింది. ఆ పక్కావిడ. ఎన్ని అరచేతులో. పిల్లకు విసుగొచ్చి ఒకావిడ వేలు పట్టి కొరికింది. కొత్తగా మొలిచిన పన్ను గుచ్చుకుని ఆవిడ చెయ్యి లాక్కుంది.

"పన్నొచ్చిందే దీనికి."

సువర్చల మొహం పక్కకు తిప్పుకుని పమిటతో కళ్ళు ఒత్తుకుంది.

పొద్దు వాలకముందే కల్పలత కొడుకు నడుము నుంచి బిళ్ళ విప్పి, కొంగు చివర ముడేసుకుని, ఆరోగ్య కేంద్రం దారి పట్టింది. ఆమె వెనక తల్లులు నడిచారు. అప్పటికే ఇంటికి బయలుదేరిన జ్ఞానసుందరి గొడుగు మడిచి మళ్ళీ లోపలికి వెళ్ళాల్సి వచ్చింది.

తట్టు నేతపేటకు వచ్చింది. రాకుండా పోలేదు. ఆఖరి దాకా తలుపు తీయని రెండిళ్ళలో పడింది. అక్కణ్ణుంచి పక్కింటికి దారి దొరక్క అక్కడే ఆరిపోయింది. ఆ రెండిళ్ళ పిల్లలూ దక్కారు.

*

యశ్వంతు కూడా దక్కాడు. ఎడమ చెవి వినికిడి మాత్రం పోయింది. మెహరున్నీసా తన ప్రయోగశాల గోడ మీద భావన ఫొటో, దాని పక్కనే వాడి ఫొటో పెట్టించింది. తీయమన్నవాళ్ళతో, "రెండూ నా బిళ్ళ చేసినవే" అందట. ఆ యంత్రంలో రోజులూ వారాలూ తుడిచేసి, బిళ్ళను మళ్ళీ కట్టడానికి ఎనిమిది నెలలు పట్టింది. కొత్త బిళ్ళ ఎప్పుడు వేయించాలో చెప్పదు. ఆ పని పాత పట్టికదే. సూది పడ్డాక, ఒళ్ళు పాఠం నేర్చుకున్న రోజున మాత్రం పచ్చ వెలుగుతుంది. ఎరుపు దానికి పెట్టనే లేదు.

తొలి బిళ్ళ భావనకే వచ్చింది. ఏడాదిన్నర సూదికి రోజు ఈ వారమే వచ్చింది. పిల్ల ఇప్పుడు నడుస్తోంది. నడవడం కాదు, పడిపోయేలోగా ముందుకు పోవడం. దాని వెనక సువర్చల, సువర్చల పక్కన నాగమల్లి, నాగమల్లి చంకలో యశ్వంతు. వాడికీ ఇవాళే సూది. సీతారావమ్మ మనవడికి కుడివైపుగా నడుస్తూ, వాడి కుడి చెవి దగ్గర ఏవో కబుర్లు చెబుతోంది. కుడివైపు తప్ప ఆమె ఇంకో పక్కన నడవడం ఈ మధ్య ఎవరూ చూడలేదు.

ఆరోగ్య కేంద్రం ముందు కొత్తగా కాపురానికొచ్చిన పిల్లొకతె నెలన్నర బిడ్డను ఎత్తుకుని, వెళ్ళాలా వద్దా అన్నట్టు నిలబడి ఉంది. సువర్చలను చూసి, "అక్కా, బిళ్ళపాప ఈమేనా?" అని అడిగింది. తరవాత గొంతు తగ్గించి, "ఇయ్యాల మంగళవారం గదా, పరవాలేదంటారా?" అంది.

సువర్చల జవాబు చెప్పేలోగా సీతారావమ్మ వెనక్కి తిరిగింది.

"పరవాలేదా ఏందే పిల్లా. మంగళవారమైతే వరస తక్కువుంటదని పొద్దున్నే తోలుకొచ్చా అందర్నీ. రా, నా ముందు నిలబడు."